మోటారుకు కందెన

"పెండ్లాన్ని మోటార్ల సంపుకున్నోడు" అని మా నాయనను ఆత్మకూరులో అనని నోరు లేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. ఇప్పటికీ మండుతుంది. అన్నవాళ్లలో చాలామంది పోయారు, మా నాయనా పోయాడు, నా తల ముగ్గుబుట్ట అయింది. అయినా మొన్న ఒక పెళ్లి పందిట్లో ఎవరో ముసలాయన నన్ను చూసి, "గామె సాయన్న బిడ్డ గదా, గా ఆగిపోయిన మోటారు సాయన్న" అని పక్కవాడి చెవిలో ఊదాడు. చెవిలోనే ఊదానని ఆయన అనుకున్నాడు గానీ పందిరంతా వినబడింది. తింటున్న విస్తరి వదిలేసి వచ్చేశాను. ఆ కోపంతోనే కూర్చుని ఇది రాస్తున్నాను. నా పేరు అలివేలమ్మ. ఆ మోటారులో పుట్టిన పిల్లను నేనే.

మాది బండ్లు తోలిన ఇల్లు. మా తాత ఆత్మకూరు నుంచి నాలుగు దిక్కులా ఎడ్లబండి తోలేవాడు. జొన్నలు, పల్లికాయ మూటలు వనపర్తికి తోలేవాడు. ఏరు తగ్గిన రోజుల్లో కృష్ణ దాటి గద్వాలకు పోయి, చీరల మూటలు వేసుకుని వచ్చేవాడు. ఆయన పోయాక బండి మా నాయన చేతికి వచ్చింది. ఇంటి పెత్తనం మాత్రం మా అవ్వదే. నాయనను కన్నతల్లి, పేరు జోగమ్మ. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరి దాకా పోయేది. కందెన చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరని చుట్టుపక్కల బండ్లవాళ్లంతా ఒప్పుకునేవారు. పాత గుడ్డలు కాల్చిన మసిని ఆముదంలో వేసి, చిక్కబడేదాకా నూరి, వెదురు గొట్టంలో నింపేది. ఇరుసుకు అది పూస్తే చక్రం చప్పుడు చేయకుండా తిరిగేది.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. బండి దూరం పోయే రోజు తొలి కందెన ఇంటి ఆడమనిషి చేత్తోనే పెట్టాలి. అలా పెట్టిన బండి దారిలో ఆగదని మా అవ్వ నమ్మకం. అంతకుముందు ఎప్పుడూ ఆగలేదు కూడా. ఇక ఆమెకు ఎవరేం చెబుతారు?

ఊళ్లో ఈశ్వరయ్య సేటు అని గద్వాల చీరల వ్యాపారి ఉండేవాడు. ఆయన హైదరాబాదులో ఒక పాత మోటారు కారు కొని తెచ్చాడు. తెచ్చిన తర్వాత తెలిసింది, అది ఆయన సందులో పట్టదని. మా బండ్ల కొట్టం వెడల్పుగా ఉంటుందని తెచ్చి మా ఇంట్లో పెట్టించాడు. మోటారు తోలుకొచ్చిన డ్రైవరు కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉండి మా నాయనకు పని నేర్పి పోయాడు. అలా ఎడ్లు తోలే సాయన్న మోటారు సాయన్న అయ్యాడు. ఎడ్లను అమ్మలేదు గానీ బండి తోలడం తగ్గింది. మా అవ్వకు అది నచ్చలేదు. "మ్యాత లేదు, నీళ్లు లేవు, పొగ తాగి బతికే జంతువు" అని మోటారును తిట్టుకుంటూనే రోజూ దాన్ని తుడిచేది.

ఒకరోజు మా నాయన మోటారు మూత లేపి పని చేసుకుంటుంటే పక్కన నిలబడి అడిగింది.

"సాయీ, దీనికి కందెన యాడ పెడ్తవ్‌రా?"

మా నాయన రెండు చేతి వేళ్లతో రెండు కొక్కేలు తీసి, ఇంజను పక్కనున్న నల్లటి టోపీ లాంటిది పైకెత్తి చూపించాడు. "గీడ పెడతనమ్మా. గింజంత. అగ్గి పుట్టేది గీడనే. గీ రెండు ముక్కలు తాకుతయి, విడుస్తయి, గప్పుడు రవ్వ లేస్తది. రవ్వ లేస్తెనే బండి నడుస్తది."

"నా చెయ్యి పడకుంట ఎట్ల నడుస్తదిరా ఇది?" అంది అవ్వ.

మా నాయన నవ్వాడు. వద్దని మాత్రం అనలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును తలుచుకుని ఆయన ఎంత కుమిలిపోయాడో నాకు తెలుసు. ఇదంతా ఆయన నాకు చెప్పింది చాలా ఏళ్ల తర్వాత, అవ్వ పోయి, నాకు పెళ్లయి, నేను మొదటి కాన్పుకు వచ్చినప్పుడు. అంతవరకు ఊరంతా అన్నదే నేనూ నమ్మాను. అదొక్కటే నాకు ఇప్పటికీ గొంతులో ముల్లు.

మా అమ్మ పేరు జమ్ములమ్మ. ఇటిక్యాల వాళ్ల బిడ్డ. నేను ఆమెను చూడలేదు. చూసినవాళ్లు చెప్పిందేమంటే, నోట్లో నాలుక లేని మనిషి, అవ్వకు ప్రాణం. అత్తాకోడళ్లు ఒకే కంచంలో తినేవాళ్లని వాడంతా చెప్పుకునేది. అత్త కోడలి తలకు ఆముదం రాస్తూ కూర్చుంటే చూసి, "ఎవలు ఎవలకు అత్తరా" అని నవ్వుకునేవారట.

ఆమెకు నొప్పులు మొదలైంది ఎండాకాలంలో. పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నమైనా తెగలేదు. అవ్వ పొట్టకు, నడుముకు ఆముదం మర్దన చేస్తూనే ఉంది. అప్పట్లో కాన్పు ఇంట్లో అందరూ చేసే పనే అది. ఇంతలో రక్తం కనబడింది. మంత్రసాని మంచం దగ్గర నుంచి లేచి బయటికి వచ్చి, "సాయన్నా, ఇగ నాతోని కాదు. రక్తం పోతున్నది. వనపర్తి దవాఖానకు తీస్కపో, జల్ది పో" అంది.

మా నాయన సేటు దగ్గరికి ఉరికాడు. ఈశ్వరయ్య సేటు మంచివాడు, ఉన్నమాట చెప్పాలి. "అడగనీకె వస్తివా పిచ్చోడా, తీస్కపో!" అని అరిచి, పెట్రోలు డబ్బా ఇచ్చి పంపాడు.

ఆయన అటు పోయి ఇటు వచ్చేలోపల ఇంట్లో ఒక పని జరిగింది. మా అవ్వ కోడలిని మంత్రసానికి అప్పజెప్పి కొట్టంలోకి పోయింది. కోడలు దూరం పోతున్నది, బండికి తొలి కందెన పెట్టాలి. మోటారు ఇరుసు ఎక్కడో కింద ఉంటుంది, ముసలి నడుము వంగదు. కొడుకు చూపించిన చోటు గుర్తుంది. మూత లేపింది, కొక్కేలు తీసింది, టోపీ ఎత్తింది. గింజంత కాదు. కోడలి మీద ప్రేమ ఎంతుందో అంత పెట్టింది. మళ్లీ టోపీ పెట్టి, కొక్కేలు బిగించి, మోటారు ముందు చేతులు జోడించి ఇంట్లోకి వచ్చింది. నిండు మనసుతో చేసింది ఆ పని. ఎవరైనా ఆమెను తప్పుపడితే నేను ఊరుకోను.

వెనక సీట్లో బొంత పరిచి మా అమ్మను పడుకోబెట్టారు. అవ్వ ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా నాయన ముందుకు పోయి ఇంజనులో ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. "చూస్తివా!" అంది అవ్వ.

ఊరు దాటింది. చేన్ల మధ్య మట్టిబాట పట్టింది. ఇంజను వేడెక్కింది. వేడెక్కగానే దగ్గడం మొదలుపెట్టింది, రెండు మూడు కుదుపులు ఇచ్చి ఆగిపోయింది.

మా నాయన ముందు పెట్రోలు అనుకున్నాడు. పాత బండికి పైపులో చెత్త అడ్డం పడటం మామూలే. పైపు ఊడదీసి చూశాడు. పెట్రోలు ధార కట్టి పడుతున్నది. అయితే రవ్వ లేదన్నమాట. కొక్కేలు తీసి టోపీ ఎత్తాడు. రవ్వ పుట్టే ఆ రెండు ముక్కలను పాయింట్లు అంటారు. అవి నల్లగా మాడి ఉన్నాయి. ఆముదం వాసన కొట్టింది. కొట్టదా మరి! మా అమ్మ ఒంటి నిండా ఆముదమే, ఆమెను ఎత్తుకుని తెచ్చిన మా నాయన చేతుల నిండా ఆముదమే, సీటు, బొంత అన్నీ అదే వాసన. తన చేతి జిడ్డే అంటుకుందని అనుకున్నాడు. పిడికెడు దుమ్ము తీసుకుని చేతులు రుద్దుకుని, పాయింట్లను మాత్రం గుడ్డతో తుడిచి టోపీ పెట్టాడు. హ్యాండిలు తిప్పితే బండి మళ్లీ బుద్ధిగా కదిలింది.

"ఏమైందిరా?" అని వెనక నుంచి అవ్వ.

"ఏం లేదమ్మా, పోతున్నం."

రైలు పట్టాలు దాటేదాకా బాగానే పోయింది. దాటాక మళ్లీ అదే దగ్గు, అదే కుదుపు. ఈసారి మా అమ్మ గట్టిగా అరిచింది. మా నాయన ఉరికి మూత లేపాడు. పాయింట్లు మళ్లీ నల్లబడ్డాయి. తుడిచిన పాయింట్లు ఇంత తొందరగా మాడాయంటే కండెన్సరు పోయి ఉంటుందని అనుకున్నాడు. అది బొటనవేలంత డబ్బా, అది పాడైతే రవ్వ ఎక్కువై పాయింట్లు కాలిపోతాయి. ఆయన లెక్క తప్పేం కాదు, ఏ మిస్త్రీ అయినా ముందు అదే అనుకుంటాడు. పెట్టెలో ఒక పాత కండెన్సరు ఉంటే తీసి బిగించాడు. చిన్న స్క్రూ ఒకటి జారి దుమ్ములో పడింది. దాన్ని వెతుక్కుంటూ మోకాళ్ల మీద పాకుతుంటే వెనక నుంచి భార్య మూలుగు వినబడుతూనే ఉంది. "గా స్క్రూ దొరికేదాంక నేను మనిషిని గాదు బిడ్డా" అని నాతో చెప్పాడు.

దొరికింది. బిగించాడు. బండి మొదలైంది. మళ్లీ వేడెక్కింది, మళ్లీ ఆగింది.

చుట్టూ కంది కోసేసిన చేన్లు. మనిషి లేడు, బండి లేదు. మా నాయన అప్పుడు ఆగి ఆలోచించాడట. చల్లగా ఉన్నప్పుడు మొదలవుతున్నది, అంటే పెట్రోలు ఉంది, రవ్వ ఉంది. వేడెక్కితే ఆగుతున్నది, అంటే వేడికి ఏదో మారుతున్నది. వేడికి మారేది ఏంది? టోపీ ఎత్తాడు. ఈసారి చేతులు శుభ్రంగా ఉన్నాయి, అయినా పాయింట్లు తడిగా, నల్లగా ఉన్నాయి. అడుగున తిరిగే ఇరుసు కింద వేలు పెట్టి చూశాడు. వేలు చిక్కటి నలుపుతో పైకి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ఆముదం, కాలిన గుడ్డ మసి. పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసన. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా అంటుకుని ఉన్న కందెన ఇంజను వేడికి కరిగి, తిరిగే ఇరుసు విసురుకు పాయింట్ల మీద చిమ్ముతున్నది. తుడిచింది తుడిచినట్టే, అది మళ్లీ చిమ్ముతున్నది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి మా అవ్వ ఏడుస్తూ అరిచింది. "ఇంకేం చేయాల్నురా దీనికి! నా చేతులార కందెన గూడ పెడ్తినిగదరా, ఎందుకాగుతున్నదిరా!"

మా నాయన తల ఎత్తి చూశాడు. ఆమె ఒళ్లో కోడలి తల ఉంది. ఒక చేత్తో చెమట తుడుస్తున్నది, ఇంకో చెయ్యి కోడలు గట్టిగా పట్టుకుని ఉంది.

"మంచిగ జేసినవమ్మా," అన్నాడు. "తీగ కదిలింది. గంతే."

తలగుడ్డ చింపి, పెట్రోలులో ముంచి, కందెనంతా తుడిచాడు. ఇరుసు కింద, మూలల్లో, టోపీ లోపల, చుక్క మిగలకుండా తుడిచాడు. ఆయన తుడుస్తుండగానే వెనక సీట్లో నేను పుట్టాను. ఏడుపు విని కూడా ఆయన తిరిగి చూడలేదట. టోపీ పెట్టి హ్యాండిలు తిప్పాడు. ఆ తర్వాత మోటారు వనపర్తి దవాఖాన గేటు ముందు ఆయన ఆపేదాకా ఆగలేదు.

అప్పటికే బొంత రక్తంతో తడిసిపోయింది. లోపల నుంచి డాక్టరమ్మ వచ్చి, "జర ముందుగాల తేవాల్సింది" అంది. బిడ్డను మాత్రం శుభ్రం చేసి గుడ్డలో చుట్టి అవ్వ చేతికి ఇచ్చింది.

మా నాయన దవాఖాన మెట్ల మీద కూలబడ్డాడు. వనపర్తిలో ఆయనకు కురుమూర్తి అని ఒక డ్రైవరు దోస్తు ఉండేవాడు. సంగతి తెలిసి ఉరికి వచ్చాడు. ఎండలో ఉన్న మోటారును నీడకు పెడదామని పోయి, మూత సరిగ్గా పడక ఉంటే ఎత్తి లోపలికి చూశాడు. నల్లటి గుడ్డ పీలికలు, ఆ వాసన. వచ్చి, "సాయన్నా, గా టోపీల కందెన ఎవలు..." అని మొదలుపెట్టాడు. అవ్వ పక్కనే, గోడకు ఆనుకుని నన్ను ఎత్తుకుని కూర్చుంది. మా నాయన లేచి కురుమూర్తి నోటి మీద చెయ్యి పెట్టి, అలాగే పట్టుకుని చెట్టు కిందికి తీసుకుపోయాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో గానీ కురుమూర్తి ఆ మాట మళ్లీ బతికుండగా ఎత్తలేదు. అలాంటి దోస్తులు ఎందరికి ఉంటారు?

మా అమ్మను ఆత్మకూరుకు తెచ్చి సాగనంపారు. ఇటిక్యాల నుంచి మా మేనమామ కురుమయ్య వచ్చాడు. చెల్లెలి మీద ప్రాణం పెట్టుకున్నవాడు, కోపం ఆగలేదు. వాకిట్లో అందరి ముందు నిలదీశాడు. "రోజు నడిచే మోటారు గియ్యాలనే ఎందుకాగిందో నాకు జెప్పాలె. తాగి తోలినవా?"

అవ్వ నన్ను ఒళ్లో వేసుకుని మేకపాలు గుడ్డ వత్తితో తాగిస్తున్నది. ఆమె తల ఎత్తింది.

"చెప్పరా," అంది. "నాకూ అదే ఫికరున్నది. నా చేతులేమన్న తప్పు జరిగిందా? నేను పొట్ట రుద్దుడు ఎక్కువైందా? ముందుగాల పంపకపోతినా? ఏదున్నా చెప్పు. నా చేతుల జరిగిందంటే మాత్రం ఇగ ఈ మొకం ఎవలకు చూపియ్య. గీ పెరట్ల బాయి ఉన్నది, దుంకి సస్త."

ఆమె ఉత్తమాట అనే మనిషి కాదు. మా నాయనకు ఆ సంగతి తెలుసు. ఆమె ఒళ్లో నన్ను చూశాడు. గుక్కపట్టి ఏడుస్తున్న నన్ను ఆ ముసలి చేతులు తప్ప ఇంకే చేతులూ ఎత్తుకుని లేవు. ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేదు.

"నీ చేతుల ఏం లేదమ్మా," అన్నాడు. "తప్పు నాదే. పాయింట్లు సాఫ్ జేయాల్సి ఉండె, జేయలె. బద్ధకం జేసిన. గందుకే ఆగింది."

మా అవ్వ నన్ను పక్కనున్నామె చేతికిచ్చి లేచింది. పోయి కొడుకు చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. "బద్ధకం జేసి నా కోడల్ని సంపితివా! ఇయ్యాల్టి నుంచి నువ్వు నాకు కొడుకువు గావు" అంది. కురుమయ్య మామ అడ్డం పోయి ఆమెను పట్టుకోవలసి వచ్చింది. కొట్టడానికి వచ్చినవాడు ఆపవలసి వచ్చింది, చూడండి.

అన్నమాట నిలబెట్టుకుంది మా అవ్వ. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, కొడుకుతో నోరు విప్పి మాట్లాడలేదు. వండి మూత పెట్టి పక్కకు పోయేది. నాకు మాటలు వచ్చాక ఆ ఇద్దరి మధ్య రాయబారం నాదే. "మీ నాయనకు చెప్పు, బువ్వ సల్లారుతున్నదని." "అవ్వకు చెప్పు బిడ్డా, సంతకు పోతున్న, ఏమన్న కావాల్నా అని." ఇద్దరికీ ఒకరి గొంతు ఒకరికి వినబడుతూనే ఉండేది. అయినా నేను అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి చెప్పేదాన్ని. అది ఆట అనుకున్నాను చిన్నప్పుడు. అన్ని ఇళ్లలోనూ అంతే కాబోలు అనుకున్నాను.

నన్ను మాత్రం ఆమె ఎట్లా పెంచిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. పాలున్న తల్లులు ఏ వాడలో ఉన్నారో కనుక్కుని, నన్ను చంకనేసుకుని గడప గడపకూ తిరిగింది. కులం చూడలేదు, మానం చూడలేదు. "నా మనుమరాలికి ఒక్క గుక్క తాపమ్మా" అని ఎవరి కాళ్లకైనా దండం పెట్టింది. ఎవరి ముందూ తల వంచని మనిషి! నాకు జ్వరం వస్తే తాను పస్తుండేది. ఆమె బావిలో దూకి ఉంటే నేను ఏమయ్యేదాన్ని? దిక్కులేని పిల్లగా, ఏ వాకిట్లోనో పోయేదాన్ని. మా నాయన ఆ లెక్కే వేసుకున్నాడు. తల్లి ప్రేమ తనకు పోయినా సరే, నాకు దక్కాలనుకున్నాడు.

ఈశ్వరయ్య సేటు ఆ మోటారును అమ్మేశాడు. చావు చూసిన బండిని సేటు ఇంటివాళ్లు ఎక్కేది లేదన్నారు. మా నాయన డ్రైవరు పని పోయింది. సొంత భార్యను తీసుకుపోతూ పాయింట్లు కూడా చూసుకోనివాడికి బండి ఎవరిస్తారు? కొన్నాళ్లు మళ్లీ ఎడ్లే తోలాడు. ఊళ్లోవాళ్లు ఆ కథకు కల్లు ముంతను కూడా తగిలించారు. వాళ్ల నోట్లో మన్నుపడ! మా నాయన కల్లు ముట్టినవాడు కాదు.

కురుమూర్తి ఊరుకోలేదు. వనపర్తిలో ఏ మోటారు మొరాయించినా, "ఆత్మకూరు సాయన్నను పిలిపించండ్రి" అని పట్టుబట్టేవాడు. అట్లా మెల్లగా పనులు వచ్చాయి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు దాకా పోయేవాడు. మొదలయ్యాక ఆగిపోయే బండి అంటే ఆయనకే కబురు వచ్చేది. పోగానే పనిముట్లు తీసేవాడు కాదు. ఇంజను నడిపించి, వేడెక్కనిచ్చి, ఆగిపోయేదాకా పక్కన నిలబడేవాడు. ఆగాక వంగి వాసన చూసేవాడు. అప్పుడు టోపీ ఎత్తేవాడు. చూసినవాళ్లు నవ్వేవారు, "కుక్క లెక్క వాసన జూస్తుండు" అని. తీగల మీది పొర జీర్ణమై వేడికి రవ్వ పక్కకు పోతుండటమో, కండెన్సరు వేడికి చచ్చిపోవడమో, స్విచ్చి దగ్గర తీగ వదులై కుదుపుకు విడిపోవడమో, ఏదో ఒకటి పట్టేవాడు. పట్టినప్పుడు సంతోషం కనబడేది కాదు ముఖంలో. బండి మళ్లీ నడిచాక కూడా చాలాసేపు దాని పక్కనే నిలబడి వినేవాడు, ఇక ఆగదని నమ్మకం కలిగేదాకా.

కొన్ని బండ్లను మా కొట్టానికే తెచ్చి బాగుచేసేవాడు. అప్పుడు ఇంకో తంటా. మూతకు తాడు చుట్టి గట్టిగా ముడి వేసి గానీ పక్కకు పోయేవాడు కాదు. మా అవ్వకు అది చూసి కోపం. "అలివేలూ, మీ నాయనకు చెప్పు, నేనేమన్న దొంగనా అని. నా ఇంట్ల నాకే తాళమా!" అని అరిచేది. నేను పోయి చెప్పేదాన్ని. "అవ్వకు చెప్పు బిడ్డా, పిల్లులు దూరుతున్నయని" అనేవాడు. ఆమె ఉమ్మేసి, "సొంత పెండ్లాం ప్రాణానికి లేని జాగ్రత్త పరాయోళ్ల బండికి ఉన్నది" అనేది. ఆ మాట కొట్టంలోకి వినబడేలాగే అనేది. నేనూ చిన్నదాన్ని, ఆమె పక్షమే. నాకూ నాయన అంటే లోపల కోపం ఉండేది. ఆయన ఏదైనా తెచ్చి ఇస్తే తీసుకుని, అవ్వ దగ్గరికి ఉరికేదాన్ని. ఆయన ఒక్కనాడూ నన్ను తన దగ్గర కూర్చోమని అడగలేదు.

పోలీసు యాక్షను అయిన మరుసటి ఏడు చలికాలంలో మా అవ్వ మంచం పట్టింది. దగ్గు, ఆయాసం. మా నాయన నాగర్‌కర్నూలులో పని మధ్యలో వదిలేసి వచ్చాడు. మందులు తెచ్చాడు, నా చేతికి ఇచ్చి తాపించేవాడు. తను గడప బయట కూర్చునేవాడు. అవ్వ గోడ వైపు తిరిగి పడుకునేది.

ఒకరోజు పొద్దున్నే, ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు, ఆమె నన్ను పిలిచింది. "అలివేలూ, మీ నాయనను లోపలికి రమ్మను."

నేను చెప్పే పని లేకుండానే ఆయన లేచి వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అవ్వ చాలాసేపు ఆయన ముఖం చూసింది. ఎన్నేళ్లయిందో అంత సూటిగా చూసి. ఆయన జుట్టు అప్పటికే నెరిసింది. చూసి ఆమెకే ఆశ్చర్యమయినట్టుంది.

"సాయీ," అంది.

నా ఎరుకలో ఆ నోటి వెంట ఆ పిలుపు నేను వినడం అదే మొదలు. మా నాయన తల వంచుకున్నాడు.

"నా కోడల్ని నువ్వే సంపినవ్. నా ఒళ్లనే పాణం పోయింది. గందుకే నిన్ను ఇన్నేండ్లు కొడుకా అనలె. ఇగ నేను పోతున్న. గీ కోపం మోసుకోని ఏడికి పోవాల్రా? నిన్ను మాఫ్ చేస్తున్న."

మా నాయన రెండు చేతులతో ఆమె కాళ్లు పట్టుకున్నాడు. కాళ్ల మీద ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"నీ దయ అమ్మా," అన్నాడు.

"మల్ల గసొంటి తప్పు చేయకు. బండి తీసేముందు మంచిగ జూస్కో."

"చూస్కుంటనమ్మా."

ఆమె చెయ్యి చాచి ఆయన తల నిమిరింది. ఆ చెయ్యి అక్కడే ఉండగా కళ్లు మూసుకుంది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. ముఖం ప్రశాంతంగా ఉంది, అందరూ అదే అన్నారు.

దహనం అయ్యాక మేమిద్దరం ఏటి నుంచి నడిచి వస్తున్నాం. నాకు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నడుస్తూ నడుస్తూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంతకుముందు నేనుగా ఎప్పుడూ పట్టుకోలేదు.

"అవ్వ ఎంత మంచిది నాయనా," అన్నాను. "నువ్వు గంత పని చేసినా నిన్ను మాఫ్ చేసింది."

మా నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అవ్ బిడ్డా," అన్నాడు. "మీ అవ్వ శానా మంచిది."